మన బోరింగు – మన ఇంజనీరింగు

తోటి విద్యార్థి మిత్రులారా, ఈ నెల గోడపత్రికలో కథ వ్రాయమన్నారు గానీ నాకు కథలు రావు. మా తొమ్మిదో తరగతి వాళ్ళం ఈ నాలుగు నెలల్లో ఏం చేశామో, ఎలా చేశామో అదే వ్రాస్తున్నాను. కొంచెం పెద్దగా వచ్చింది. టిఫిను గంటకి ముందు సగం, తర్వాత సగం చదువుకోండి.

ఇంజనీరు అంటే మనకు తెలిసింది ఒక్కటే. జీపులో వచ్చి, టేపు పట్టి రోడ్డు కొలిచి, సర్పంచి గారింట్లో టీ త్రాగి వెళ్ళిపోయే ఆయన. లేకపోతే ఇంటరులో మంచి మార్కులొచ్చిన అన్నయ్యలకు దొరికే సీటు. మా సైన్సు మాష్టారు మాత్రం బడి తెరిచిన వారానికే నల్లబల్ల మీద ఇంజనీరింగు అని వ్రాసి, దాని క్రింద అయిదు మాటలు వ్రాశారు. అడుగు, ఊహించు, గియ్యి, చెయ్యి, మెరుగుపరచు. అమెరికాలో బోస్టన్ అనే ఊళ్ళో సైన్సు మ్యూజియం వాళ్ళు 2003లో చిన్నపిల్లల కోసం ఇలాంటి అయిదు మెట్లు పెట్టి పాఠాలు తయారు చేశారట. ఒకటో తరగతి పిల్లలు కూడా చేస్తారట. "వాళ్ళకి అయిదు చాలు. మీకు ఇంకొకటి కావాలి" అని మాష్టారు అడుగు తర్వాత, ఊహించుకు ముందు, చూడు అని ఇరికించి వ్రాశారు. సుద్దముక్క విరిగిపోయింది కూడా. ఆ ఇరికించిన మాటే తర్వాత మాకు పనికొచ్చింది.

కొన్ని బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులున్నాయి. 2016 నుంచి కేంద్ర ప్రభుత్వం నీతి ఆయోగ్ ద్వారా ఇస్తున్నది. త్రీడీ ప్రింటరు, సెన్సర్లు అన్నీ ఉంటాయట. మన దగ్గర ఉన్నవి రెండు గునపాలు, ఒక పార, తోటపనికి తెచ్చిన తట్టలు. "ల్యాబు లేదని ఏడవకండి, సమస్యలు మాత్రం మనకి తక్కువేం లేవు" అన్నారు మాష్టారు.

ఆ సమస్యల కోసం జూలై నెలాఖరున తరగతి గోడకు ఒక డ్రాయింగు చార్టు అంటించారు. హాస్టల్లో ఎవరికి ఏది ఇబ్బందో వాళ్ళే వచ్చి వ్రాయొచ్చు, పేరు అక్కర్లేదు. రెండు రోజుల్లో చార్టు నిండిపోయింది. వానాకాలం బట్టలు ఆరవు. గంట చివరి గదికి వినపడదు. కంచాలు కడిగే చోట జారుడు. కరెంటు పోతే రాత్రి దొడ్డికి వెళ్ళడానికి భయం. పప్పులో నీళ్ళెక్కువ. (ఈ చివరిది మాష్టారు కొట్టివేయలేదు. "ఇదీ డిజైనే, కానీ వంట తాతతో తగువు పెట్టుకొనే ధైర్యం నాకు లేదు" అన్నారు.) అన్నిటికన్నా క్రింద చిన్న అక్షరాలతో ఎవరో జ్వరం అని ఒక్క మాట వ్రాశారు.

అది ఎవరు వ్రాశారో తెలియదు గానీ, ఎందుకు వ్రాశారో హాస్టల్లో అందరికీ తెలుసు. నా ప్రక్క మంచం మీద అయిదో తరగతి తమ్ముడొకడు ఉండేవాడు. జూలైలో వాడికి చలిజ్వరం వచ్చింది. మూడు దుప్పట్లు కప్పినా మంచం ఊగేది. రక్తపరీక్షలో మలేరియా అన్నారు, మందులిచ్చారు, తగ్గింది. అయినా వాళ్ళమ్మ వచ్చి తీసుకుపోయింది. "జొరం వొచ్చినా తగ్గినా నా కళ్ళముందర ఉంటాడు బాబూ" అన్నది. వార్డెన్ గారు ఎంత చెప్పినా వినలేదు. వాడి రేకుపెట్టె పది రోజులు మంచం క్రిందే ఉంది. తర్వాత వాళ్ళ మామ వచ్చి భుజాన పెట్టుకొని పోయాడు. వాడు పదహారో ఎక్కం వరకు గడగడ చెప్పేవాడు. ఇప్పుడు మేకలు కాస్తున్నాడని వాళ్ళ ఊరివాళ్ళు చెప్పారు.

అందుచేత తరగతిలో ఓట్లు పెడితే జ్వరమే గెలిచింది. మాష్టారు తల అడ్డంగా ఊపారు. "జ్వరం మీద మనం ఏదీ కట్టలేంరా. అది డాక్టరు గారి పని. దేని మీద కట్టగలమో అది అడగండి" అన్నారు. మాలో ముగ్గురం నోటు పుస్తకం పట్టుకొని బయలుదేరాం. వార్డెన్ గారిని అడిగాం, వంట తాతని అడిగాం, వాచ్‌మెన్ మామని అడిగాం. అందరిదీ ఒకే మాట. వంటగది వెనక మురుగుకాలవ. వాసన అక్కడే, దోమలు అక్కడే, కాబట్టి జ్వరం అక్కడినుంచే. కాలవ మీద బండలు కప్పితే సరిపోతుందని వాచ్‌మెన్ మామ లెక్క కూడా కట్టి చెప్పాడు.

హాస్టలుకు బుధవారం వచ్చే నర్సమ్మ గారు మాత్రం మమ్మల్నే తిరిగి అడిగారు. "కాలవలో దోమపిల్లల్ని చూశారేటి?" చూడలేదన్నాం. "అయితే ముందు సూడండి, ఆనక కప్పుదురు" అని ఒక పద్ధతి చెప్పారు. తెల్లగా ఉన్న గిన్నెగానీ కంచంగానీ తీసుకొని నీటిని మెల్లగా ముంచాలి. తెల్లదాంట్లో నల్లపురుగు స్పష్టంగా కనిపిస్తుంది. పురుగు తల క్రిందికి, తోక పైకి పెట్టి ఏటవాలుగా వ్రేలాడితే అది క్యూలెక్స్. మురుగునీళ్ళలో పెరిగేది ఎక్కువగా అదే. మన ఉత్తరాంధ్రలో బోదకాలు తెచ్చింది ఆ జాతే. పురుగు నీటి పైన చాపలాగ పడుకొని ఉంటే అది అనాఫిలిస్. మలేరియా మోసేది అది. దానికి మురుగు అంతగా పడదు. తేటనీళ్ళు, ప్రక్కన కొంచెం గడ్డి, గెడ్డ అంచులు, ఇలాంటివి దానికి ఇష్టం.

మిత్రులారా, ఆ తర్వాత రెండు వారాలు మేము చేసింది చూడటమే. తెల్ల ఎనామిలు కంచం ఒకటి స్టోరులో దొరికింది. అంచు పెచ్చులూడినా నడుమ తెల్లగా ఉంది. పొద్దున్నే దాన్ని పట్టుకొని తిరుగుతుంటే వంట తాత అడిగాడు. "ఏటర్రా గుంటలూ, పొద్దు పొడవకుండా బురద తోడుతున్నారు? ఏటైనా పోనాదేటి?" కాలవలో తోడాం, తలక్రిందులుగా వ్రేలాడేవి బోలెడు. తొట్టిలో తోడాం, ఏమీ లేవు. పూలకుండీల దగ్గర, టైరులో, గేటు దగ్గర గుంటలో తోడాం. చివరకు బోరింగు దగ్గర తోడాం. అక్కడ చపటా ఒక ప్రక్క విరిగి, కారిన నీళ్ళు గడ్డిలో చేరి చిన్న మడుగు అయింది. అడుగున గులకరాళ్ళు కనిపించేటంత తేట. చిన్నపిల్లలు అందులో కాళ్ళు కడుక్కుంటారు, కాగితం పడవలు వదులుతారు. అది మడుగని గానీ, ఒక సమస్యని గానీ ఆ చార్టు మీద ఒక్కరూ వ్రాయలేదు. కంచంలో చూస్తే ఇరవై మూడు పురుగులు, చాపలాగ పడుకొని.

నర్సమ్మ గారు వచ్చి కంచం ఎండకు వంచి చూసి, "ఇదేరా బాబూ" అన్నారు.

ఇక్కడ రొనాల్డ్ రాస్ గారి సంగతి చెప్పాలి. ఆగస్టు 20న ప్రార్థనలో మాష్టారు చెప్పారు గానీ వెనక వరుసలకు వినపడలేదు. మలేరియా దోమవల్ల వస్తుందని కనిపెట్టింది మన తెలుగునేల మీదనే, సికింద్రాబాదులో, 1897 ఆగస్టు 20వ తేదీన. రాస్ గారు సైన్యంలో డాక్టరు. 1895 నుంచి దోమల్ని కోసి కోసి మైక్రోస్కోపు క్రింద చూస్తూనే ఉన్నారు. హుసేన్ ఖాన్ అనే రోగి దోమలచేత కుట్టించుకుంటే దోమకి ఒక అణా చొప్పున ఇచ్చేవారు. చాలాకాలం ఏమీ దొరకలేదు. ఎందుకంటే ఆయన కోస్తున్నవి వేరే జాతి దోమలు. రెక్కల మీద మచ్చలున్న దోమలు చేతికి వచ్చాక గానీ, దాని పొట్టగోడ మీద మలేరియా క్రిమి కనబడలేదు. 1902లో నోబెల్ బహుమానం ఇచ్చారు. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో ఇప్పటికీ ఉంది. నాకైతే నోబెల్ కన్నా ఆ హుసేన్ ఖాన్ అణాలే ఎక్కువ గుర్తుండిపోయాయి. ఎన్ని కుట్టించుకున్నాడో పాపం.

సరే, సమస్య ఏమిటో తెలిసింది. ఇప్పుడు ఊహించు. ఊహించడంలో మన తరగతిని మించినవాళ్ళు లేరు. కిరసనాయిలు పొయ్యాలని ఒకరు. త్రాగే బోరు ప్రక్కన నూనె పొయ్యటమేమిటని నర్సమ్మ గారు కోప్పడ్డారు. చేపపిల్లల్ని వదలాలని ఒకరు. మడుగు నాలుగు రోజుల ఎండకు సగమవుతుంది, చేపలు చస్తాయి. మట్టితో పూడ్చాలని చాలామంది. పూడ్చాం కూడా. రెండు వానలకు మట్టి కొట్టుకుపోయి మడుగు ఒక మూర ప్రక్కకి జరిగింది, అంతే. ఇంకుడుగుంత తవ్వుదామన్నారు. గుంత తవ్వి రెండు బకెట్లు పోసి చూస్తే, తెల్లారేసరికి కూడా నీళ్ళు అలాగే ఉన్నాయి. వానాకాలంలో మన నేల పీల్చుకోదు, అప్పటికే కడుపు నిండి ఉంటుంది.

అప్పుడు మాష్టారు షరతులు వ్రాయమన్నారు. ఏది కట్టినా ఏయే హద్దుల్లో ఉండాలో ముందే వ్రాసుకోవాలట. దానికి ఉదాహరణగా జంఝావతి రబ్బరు డ్యాము చెప్పారు. పార్వతీపురం అవతల, కొమరాడ మండలం రాజ్యలక్ష్మీపురం దగ్గర ఉంది. మాలో ఇద్దరిది ఆ మండలమే గానీ, వాళ్ళు కూడా దాన్ని ఎందుకలా కట్టారో ఎప్పుడూ అడగలేదు. జంఝావతి నాగావళిలో కలిసే ఏరు. మామూలు ఆనకట్ట కడితే ఎగువన ఒరిస్సా భూములు మునుగుతాయి. వాళ్ళు ఒప్పుకోలేదు, ఏళ్ళతరబడి పని ఆగిపోయింది. చివరకు రబ్బరు తిత్తితో కట్టారు. కావలసినప్పుడు ఉబ్బిస్తే అడ్డంగా నిలబడి నీరు ఆపుతుంది, వరద వస్తే క్రిందికి దించేయవచ్చు. 2006లో ప్రారంభించారు. నీరూ కావాలి, ఎగువవాళ్ళ భూమీ మునగకూడదు అనే రెండు షరతులు ఎదురెదురుగా నిలబడితే ఆ రబ్బరు ఆలోచన పుట్టింది. "షరతు లేకపోతే ఇంజనీరు అక్కర్లేదు, డబ్బులుంటే చాలు" అని మాష్టారు నవ్వారు.

మా షరతులు ఇవి. డబ్బు లేదు. బోరింగు ఒక్కపూట కూడా ఆపకూడదు. మూడో తరగతి పిల్లలు తొక్కినా పాడవకూడదు, వాళ్ళు పడకూడదు. వానలోనూ పనిచేయాలి. మేము పదో తరగతి పాసయి వెళ్ళిపోయినా నడవాలి. ఈ ఆఖరి షరతు మాష్టారు చెప్పలేదు, మా వెనక బెంచీ మిత్రుడు పెట్టాడు. నా దృష్టిలో అన్నిట్లోకీ అదే గట్టిది.

కొలతలు కూడా తీశాం. ఒక పొద్దుటపూట గీతలు గీసుకుంటూ లెక్కపెడితే నూట ఎనభై పైన బకెట్లు. ఒక్కొక్క బకెట్టుకీ సుమారు ఒక లోటా నీళ్ళు ప్రక్కకి పోతున్నాయి. అంటే ఏ పూటకాపూట నూట ఎనభై లోటాలు మడుగులోకి. వాటికి దారి చూపించాలి. కంటికి నేల గేటు వైపు వాలుగా కనిపిస్తుంది. తాపీమేస్త్రీలు వాడే నీళ్ళ గొట్టం తెచ్చి రెండు కర్రలకు కట్టి చూస్తే, వంటగది వెనక అరటిచెట్ల వైపే నాలుగు వ్రేళ్ళు పల్లం ఉంది. గొట్టంలో నీరు అబద్ధం చెప్పదు, ఎటు కదిపినా ఒకే మట్టానికి వచ్చి ఆగుతుంది.

మొదట వెదురుబొంగులు చీల్చి, కణుపుల అడ్డాలు తీసేసి, దోనెలాగ పరిచాం. చూడటానికి చాలా బాగుంది. బొంగుకీ బొంగుకీ మధ్య అతుకు దగ్గర నీరు కారి క్రింద మళ్ళీ చిన్నచిన్న మడుగులు కట్టింది. ఒక మడుగు బదులు నాలుగు! పైగా మూడో రోజుకే చిన్నపిల్లలు వాటిమీద నడిచే పందేలు పెట్టుకున్నారు. మాష్టారు కోప్పడలేదు. "మెరుగుపరచు అనే మాట ఊరికే వ్రాశానా?" అన్నారు.

అప్పుడు మా ఊరి మళ్ళు గుర్తుకొచ్చాయి. మాది కొండమీద సవరగూడెం. మా మళ్ళు మెట్లుమెట్లుగా ఉంటాయి, మెట్టుకు మెట్టుకు మధ్య రాళ్ళు పేర్చిన గోడ. సిమెంటు లేదు, సున్నం లేదు. కొండవాగు నీరు పై మడిలోంచి క్రింది మడిలోకి, అక్కడినుంచి దాని క్రింది మడిలోకి దిగుతుంది. మా తాత నీరు దిగే చోట ఒక పలకరాయి పెడతాడు. దాని క్రింద, నీరు పడే చోట, ఇంకొక పలకరాయి. పైరాయి గట్టు కోసుకుపోకుండా, క్రిందిరాయి గుంత పడకుండా. గుంత పడితే నీరు నిలుస్తుంది, నిలిస్తే గట్టు మెత్తబడుతుంది. ఇది నాకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. తాత వెనకాల రాళ్ళు మోస్తూ చూసిందే. మాష్టారితో చెబితే నల్లబల్ల మీద గియ్యమన్నారు. నేను గీశాను. మాష్టారు నా బెంచీలో కూర్చొని నోటుపుస్తకంలో ఎక్కించుకున్నారు. మా తాత ఏ బడికీ వెళ్ళలేదు. ఆయన పని తరగతి నల్లబల్ల మీద ఉండటం చూస్తే నాకు ఒళ్ళు ఝల్లుమంది, అబద్ధమెందుకు.

రెండు ఆదివారాలు పట్టింది. గెడ్డ దగ్గరనుంచి పలకరాళ్ళు తట్టలతో మోశాం. చపటా విరిగిన మూలనుంచి అరటిచెట్ల దాకా జానెడు వెడల్పు కాలవ, అడుగున పలకరాళ్ళు, రెండు ప్రక్కలా నిలువురాళ్ళు. పల్లం ఎక్కువైన రెండు చోట్ల మడికట్టులాగ చిన్న మెట్లు. పది బకెట్లు ఒక్కసారి పోసి చూశాం. రెండో మెట్టు దగ్గర నీరు దూకి ప్రక్కకి పోయింది. రాయి వెడల్పు పెంచాం. మళ్ళీ పది బకెట్లు. వంట తాత చివర నిలబడి "ఒచ్చీసింది, ఒచ్చీసింది!" అని అరిచాడు. అరటిచెట్లకు తాను మోయవలసిన నీళ్ళు తప్పాయి కదా, సంతోషం ఉండదా. నెల మొదటి ఆదివారం చూడటానికి వచ్చిన మా నాన్న కాలవ పొడుగునా నడిచి, ఏమీ అనకుండా ఒక రాయిని కాలితో కొంచెం వంచి జరిపాడు. అక్కడ ఆకులు అడ్డం పడటం ఆ రోజుతో ఆగిపోయింది.

ప్రతి శుక్రవారం, డ్రై డే నాడు, అదే చోట అదే కంచంతో తోడుతున్నాం. దోమ గుడ్డునుంచి రెక్కల దోమ కావడానికి మన వేడికి వారం, పది రోజులు పడుతుంది, కాబట్టి వారానికొకసారి చూసి ఎండగడితే అది ఎగిరేలోపలే అందుతుంది. ఇరవై మూడుతో మొదలైంది. తర్వాత తొమ్మిది, నాలుగు, సున్న, సున్న. దసరా సెలవుల తర్వాత వచ్చి చూస్తే ఆరు. టేకాకులు పడి కాలవ మూసుకుపోయింది. తీసేశాం, మళ్ళీ సున్న.

జ్వరాలు తగ్గాయా అని చాలామంది అడుగుతున్నారు. ఈ కాలవ వల్ల తగ్గాయని మేము చెప్పలేము. గెడ్డ దగ్గరే ఉంది, దోమ కిలోమీటరు దూరమైనా ఎగిరి వస్తుంది. దోమతెరలు కట్టుకోనివాళ్ళు ఇంకా ఉన్నారు, పేర్లు వ్రాయను, వాళ్ళకే తెలుసు. రిపోర్టులో జ్వరాలు తగ్గాయని వ్రాద్దామని మాలో ఒకరంటే మాష్టారు ఒప్పుకోలేదు. కొలిచింది పురుగుల్ని, కాబట్టి పురుగుల సంగతే వ్రాయమన్నారు. అలాగే వ్రాశాం. ఆ తమ్ముడి ఊరు వెళ్ళే బస్సులో మా మిత్రుడొకడు ఉన్నాడు, వాడిచేత వాళ్ళమ్మకి కబురు పంపాం. మడుగు సంగతీ, దోమతెర సంగతీ చెప్పి, సంక్రాంతి తర్వాత ఒకసారి వచ్చి చూసుకోమన్నాం. "సూద్దాం" అన్నదట.

వార్డెన్ గారికి మనవి. చపటా విరిగిన మూల అలాగే ఉంది. రాళ్ళతో దారి ఇచ్చాం గానీ ఆ మూల మేము బాగుచెయ్యలేము. అర బస్తా సిమెంటు, ఒక్కపూట మేస్త్రీ కావాలి. కొలతలు, బొమ్మ మాష్టారి దగ్గర ఉన్నాయి. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి తమ్ముళ్ళకి: శుక్రవారం డ్యూటీకి ఇద్దరు చొప్పున పేర్లు ఇవ్వండి. తెల్ల కంచం స్టోరు తలుపు వెనక మేకుకు తగిలించి ఉంది, అన్నం తినడానికి ఎవరూ తీయవద్దు. చార్టు ఇంకా తరగతి గోడ మీదే ఉంది. వానకి ఆరని బట్టల సంగతి వచ్చే సోమవారం మొదలుపెడుతున్నాం. మీ గదిలో తీగ ఎంత పొడుగుందో కొలిచి తీసుకురండి.